కనబడిందండీ... అనే జబ్బు

పోయినేడాది నా పెళ్లి. ముహూర్తం పగలు పదకొండున్నరకి. తలంబ్రాలూ అవీ అయ్యాక పంతులుగారు మా ఇద్దర్నీ పందిరి బయటకి తీసుకెళ్లి, నడినెత్తిన ఎండలో, ఆకాశంలోకి వేలు చూపించి "అదిగో నాయనా అరుంధతీ నక్షత్రం, కనబడిందా?" అన్నారు. నేనేమన్నా? "కనబడిందండీ" అన్నా. మా ఆవిడా అదే అంది. వెనకున్న పాతికమందిలో ఒక్కరూ "పట్టపగలు నక్షత్రమేంటండీ?" అని అడగలేదు. అడిగితే భోజనాలు లేటవుతాయి మరి :)

ఆచారాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. పెళ్లిలో ఆ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు. నా గొడవల్లా ఆ "కనబడిందండీ"ని పెళ్లి పందిట్లో వదిలేయకుండా ఆఫీసుకీ, వర్క్‌షాపుకీ, చివరికి టెలిస్కోపు దగ్గరకి కూడా మోసుకెళ్లడం గురించి. ముందు నా తప్పే చెప్పుకుంటా. తర్వాత మిగతా అందరి మీదా పడతా.

నాకో ఎనిమిదంగుళాల న్యూటోనియన్ టెలిస్కోపు ఉంది. ఫోకల్ లెంగ్త్ 1200 మిల్లీమీటర్లు, అంటే ఎఫ్/6. మోటార్లూ అవీ ఏమీ లేవు, చేత్తో తోసుకుంటూ చూడటమే. సంక్రాంతి సెలవులకి దాన్ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి హైదరాబాదు నుంచి గాజువాకలో మా ఇంటికి తీసుకెళ్లా. నాన్నకి గురుగ్రహం చూపించాలని కోరిక. నాన్న ముప్ఫై ఏళ్లకి పైగా ఓ ఫ్యాక్టరీ మెషిన్ షాపులో టర్నరుగా చేసి రిటైరయ్యారు. ఆయన చేతుల మీద కొన్నదేదీ నాకు సరిగ్గా చూపించలేకపోయానన్న బాధ ఎప్పుడూ ఉండేది. ఇదొక్కటైనా చూపిద్దామని.

డాబా మీద పెట్టి, ప్రయాణంలో అద్దాలు కదిలుంటాయి కాబట్టి లేజర్ పెట్టి అలైన్‌మెంట్ సరిచేశా. ఎర్ర చుక్క వెళ్లి పెద్ద అద్దం మధ్యలో పడింది, తిరిగి లేజర్‌లోకే వచ్చింది. అంతా పర్ఫెక్టు. గురుణ్ణి పట్టుకుని నాన్నని పిలిచా. ఆయన చాలాసేపు చూసి అన్నారు:

"ఏంట్రా, పక్కనున్న చుక్కలన్నిటికీ తోకలున్నాయి? అన్నీ ఒక వైపుకే ఉన్నాయి. గురుడు కూడా అటే జారినట్టున్నాడు."

నేనూ చూశా. నిజమే, కొంచెం పాకినట్టే ఉంది. కానీ లేజర్ ఓకే అంది కదా! నాకు నేను చెప్పుకున్న కారణం: ఈ రోజు గాలి నిలకడగా లేదు. నాన్నకి చెప్పిన కారణం: "మీకు శుక్లాలు వస్తున్నట్టున్నాయి నాన్నా, ఓసారి డాక్టరుకి చూపించుకోండి."

నా కంటికైతే గాలి దోషం, ఆయన కంటికైతే కంటి దోషం. చూశారా తెలివి! నాన్న ఏమీ అనలేదు. కిందకి దిగి వెళ్లిపోయారు. ఆ రాత్రి మళ్లీ డాబా ఎక్కలేదు.

కనుమ వెళ్లాక నిజంగానే డాక్టరు దగ్గరకెళ్లారు. శుక్లాలు లేవు, కళ్లజోడు పవరు కూడా మారలేదన్నారట. ఇంటికొచ్చి ఆ చీటీ టేబుల్ మీద పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు:

"ఆ లేజర్ నిజం చెప్తోందని నీకెవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆయనే చెప్పారు. షాపులో పొద్దున్నే షిఫ్టు ఎక్కగానే మైక్రోమీటరు మూసి జీరో చూసుకోకుండా పని మొదలెట్టేవాళ్లు కాదట. గేజి తప్పయితే, ఎంత జాగ్రత్తగా కోస్తే అంత జాగ్రత్తగా తప్పు పీస్ తయారవుతుందట. లేజర్‌ని ఫోకసర్‌లో పెట్టి, మెల్లగా దాని చుట్టూ దాన్నే తిప్పా. లేజర్ సరైనదైతే చుక్క కదలకూడదు. నాది పెద్ద అద్దం మీద రూపాయి బిళ్లంత గుండ్రం గీసింది. ఎప్పుడో చెయ్యి జారి కింద పడినట్టుంది. అంటే నేను డాబా మీద టెలిస్కోపుని సరిచెయ్యలేదు, శ్రద్ధగా పాడుచేశా.

ఇంకో సిగ్గుచేటు విషయం. తోక కంటి వల్లా, టెలిస్కోపు వల్లా అని తేల్చడానికి ఐదు సెకన్ల పరీక్ష ఉంది. ఐపీస్‌లోంచి చూస్తూ తల పక్కకి వంచాలి. తలతో పాటు తోక కూడా తిరిగితే దోషం కంటిలో ఉంది. తోక అక్కడే ఉండిపోతే దోషం టెలిస్కోపులో ఉంది. ఆ ఐదు సెకన్లు ఖర్చుపెట్టకుండా నేను మా నాన్నని ఆస్పత్రికి పంపించా.

సరే, అప్పుడు మొదలైంది కృత్రిమ నక్షత్రం కథ.

పేరు గొప్పగా ఉంది గానీ విషయం చాలా చిన్నది. నక్షత్రమంటే టెలిస్కోపు దృష్టిలో ఒక బిందువు, అంతే. కొలత లేనంత చిన్న వెలుగు చుక్క. అలాంటి చుక్కని మనమే నేల మీద తయారుచేసుకుని, దూరంగా పెట్టి టెలిస్కోపుతో చూడటమే. లోపలికి ఏం వెళ్తోందో మనకి కచ్చితంగా తెలుసు కాబట్టి, బయటికి ఏం రావాలో కూడా తెలుసు: మధ్యలో గుండ్రటి చుక్క, దాని చుట్టూ సన్నటి వలయం. ఫోకస్ కొంచెం తప్పిస్తే ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు, నడిమధ్యలో చిన్న అద్దం నీడ. అలా కాకుండా ఇంకేం వచ్చినా తప్పు టెలిస్కోపుదే. వాదనకి తావు లేదు.

ఎంత చిన్న చుక్క కావాలి? లెక్క సులభమే. ఎనిమిదంగుళాల టెలిస్కోపులో అసలు నక్షత్రం కూడా బిందువులా కనబడదు, కాంతి తరంగ స్వభావం వల్ల దాదాపు 1.4 ఆర్క్‌సెకన్ల చిన్న బిళ్లలా కనబడుతుంది. మన చుక్క అందులో నాలుగో వంతు కంటే చిన్నదైతే చాలు. 30 మీటర్ల దూరంలో పెడితే 0.05 మిల్లీమీటర్ల రంధ్రం అన్నమాట. అంత చిన్న రంధ్రం సూదితో కుదరదు. కొందరు ఆప్టికల్ ఫైబర్ కొనని వాడతారు. రెడీమేడ్‌గానూ అమ్ముతారు.

నాన్న వాడింది సైకిలు గుండు. వెనక చక్రం ఇరుసులో వేసే పావంగుళం ఉక్కు గుండు. సైకిలు షాపతను డబ్బులు కూడా తీసుకోలేదు. మెరిసే ఉక్కు గుండు ఒక కుంభాకార దర్పణం. దాని ఫోకల్ లెంగ్త్ వ్యాసంలో నాలుగో వంతు, అంటే 1.6 మిల్లీమీటర్లు. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ ఉంటాడు కాబట్టి గుండులో సూర్యుడి ప్రతిబింబం 0.015 మిల్లీమీటర్లు. 30 మీటర్ల దూరం నుంచి చూస్తే 0.1 ఆర్క్‌సెకను. మనకి కావల్సినదానికన్నా చాలా చిన్నది. అంటే సైకిలు షాపులో ఊరికే ఇచ్చిన గుండు, మెషీన్ మీద చేసిన 50 మైక్రాన్ల రంధ్రం కన్నా మంచి నక్షత్రం!

పొద్దున్నే, నేల వేడెక్కక ముందు, ఇంటి వెనక గడ్డి ఉన్న ఖాళీ స్థలంలో, నల్ల గుడ్డ మీద ఆ గుండు అతికించి పడమటి వైపు పెట్టాం. టెలిస్కోపు తూర్పు వైపు, సూర్యుడు మన వీపు వెనక. ఈ విషయంలో మాత్రం జోకుల్లేవు: టెలిస్కోపు పొరపాటున కూడా సూర్యుడి వైపు తిరగకూడదు, క్షణంలో కన్ను పోతుంది. చిన్నపిల్లలుంటే దగ్గరకి రానివ్వకండి.

మొదటిరోజు ఫోకసే కుదరలేదు. దగ్గరి వస్తువుకి ఫోకస్ వెనక్కి జరుగుతుంది కదా. 1200 మిల్లీమీటర్ల టెలిస్కోపుకి 30 మీటర్ల దగ్గర వస్తువుంటే ఐపీస్ 5 సెంటీమీటర్లు బయటికి రావాలి. నా ఫోకసర్ అంత దూరం రాదు. నాన్న ఆటోనగర్లో పాత స్నేహితుడి లేత్ మీద అల్యూమినియం ముక్క ఒకటి తిప్పి, మధ్యాహ్నానికి ఎక్స్‌టెన్షన్ గొట్టం చేసుకొచ్చారు. కొంచెం కూడా లూజు లేదు. నేను నోరు మూసుకుని బిగించా.

మర్నాడు నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఐపీస్‌లో చూస్తున్నారు. నేను గొట్టం వెనక పెద్ద అద్దం స్క్రూల దగ్గర. 200 రెట్లు పెద్దది చేసి చూస్తే, ఫోకస్ కొద్దిగా తప్పించిన నక్షత్రంలో మధ్య నీడ ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. వలయాలన్నీ ఆ వైపు ఇరుక్కుని, రెండో వైపు వెడల్పుగా ఉన్నాయి. మూడు స్క్రూలు. ఒకటి పావు వంతు తిప్పితే చుక్క చూపులోంచి పారిపోతుంది, టెలిస్కోపు జరిపి మళ్లీ మధ్యలోకి తెచ్చుకుని అప్పుడే తీర్పు చెప్పాలి. "ఇంకొంచెం... ఎక్కువైంది... వెనక్కి... ఆగు." ఇరవై నిమిషాలు పట్టింది. ఆఖర్న నాన్న "గుండ్రంగా ఉంది" అన్నారు. నేనూ చూశా. గుండ్రంగానే ఉంది. ఆ రాత్రి గురుడి చంద్రులకి తోకల్లేవు. రెండు చారలు స్పష్టంగా కనబడ్డాయి.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. ఈ కథ హాబీ మిత్రులకీ, అమ్మేవాళ్లకీ చెప్తే వచ్చిన సమాధానాలు మూడు. మూడూ నాకు మండే సమాధానాలే.

మొదటిది: "ఫ్యాక్టరీలోనే అన్నీ సెట్ చేసి పంపుతారండీ, మీరు కెలక్కూడదు." ఫ్యాక్టరీ నుంచి ఓడలోనో లారీలోనో మన ఇంటిదాకా వచ్చిన డబ్బా, లోపల స్ప్రింగుల మీద కూర్చున్న అద్దం, కదలకుండా ఎలా ఉంటుంది? పైగా ఫ్యాక్టరీలో చూశారని ఎవరు చూశారు? ఈ మాట చెప్పేవాడెవడూ డబ్బా విప్పి ఓ చుక్కని చూపించి "ఇదిగో, గుండ్రంగా ఉంది" అని సంతకం పెట్టడు. వేలల్లో డబ్బు పోసి కొన్నవాడికి కనబడకపోతే "మీకు చూడ్డం అలవాటవ్వాలి సార్" అంటాడు. సంగతేంటంటే, చాలామంది కొత్తవాళ్లు నాలుగు రాత్రులు చూసి, బొమ్మ ముద్దలా ఉంటే, "ఇంతేనేమో, మనకి చూడ్డం రాదేమో" అనుకుని టెలిస్కోపు అటకెక్కిస్తారు. ఎంతమంది పిల్లల ఆసక్తి మూడు స్క్రూల దగ్గర చచ్చిపోయిందో! నాకు కోపం అక్కడ.

రెండోది: "లేజర్ ఉండగా ఇదంతా ఎందుకు?" లేజర్ నాకు శత్రువేం కాదు, తొందరగా దగ్గరికి తీసుకొస్తుంది. కానీ అది చెప్పేది ఒక్కటే: తన కిరణం అద్దం మీద అతికించిన మధ్య చుక్కకి వెళ్లి తిరిగొచ్చింది అని. లేజర్ వంకరగా ఉందో లేదో అది చెప్పదు. మధ్య చుక్క పక్కకి అతికించారో లేదో చెప్పదు. అద్దాన్ని క్లిప్పులు గట్టిగా నొక్కి ఆకారం పాడుచేశాయో లేదో చెప్పదు. మన భాషలో చెప్పాలంటే అది యూనిట్ టెస్టు. పచ్చలైటు వెలిగింది కదా అని ప్రొడక్షన్‌కి తోసేయడం మనకి కొత్తేం కాదు కాబట్టి ఈ వాదన మనవాళ్లకి బాగా నచ్చుతుంది.

మూడోది అన్నిటికన్నా తెలివైనది: "ఆకాశం నిండా అసలు నక్షత్రాలుండగా నకిలీ నక్షత్రం ఎందుకు?" దీనికి కొంచెం వివరంగా చెప్పాలి. పాశ్చాత్య పుస్తకాలన్నీ ధ్రువ నక్షత్రాన్ని చూసి అలైన్ చెయ్యమంటాయి, అది కదలదు కాబట్టి. వాళ్లకది ఆకాశంలో సగం ఎత్తున ఉంటుంది. మనకి? ధ్రువుడి ఎత్తు మన అక్షాంశమంతే. హైదరాబాదులోనైనా విశాఖలోనైనా 17 డిగ్రీలు, అంతే. ఎదురింటి నీళ్ల ట్యాంకు దాటితే గొప్ప. అక్కడ చూపు నెత్తి మీదకన్నా మూడు రెట్లకి పైగా మందమైన గాలిలోంచి వెళ్తుంది. చుక్క ఉడుకుతున్న అన్నంలా కుతకుతలాడుతుంది. పోనీ పైనున్న నక్షత్రం చూద్దామంటే అది సెకనుకి దాదాపు 15 ఆర్క్‌సెకన్లు జరిగిపోతుంది. 200 రెట్ల దగ్గర పావు డిగ్రీ చూపులో నిమిషానికల్లా బయటికి పోతుంది. మోటారు లేనివాడు స్క్రూ తిప్పాలా, టెలిస్కోపు తొయ్యాలా? పైగా జూన్ నుంచి మబ్బులు.

అసలు విషయం అది కూడా కాదు. ఆకాశంలో చుక్క బాగోకపోతే కారణాలు నాలుగు: గాలి, అద్దం, అలైన్‌మెంట్, కన్ను. నాలుగూ ఒకేసారి కలిసి వస్తాయి. అందుకే నాకు "గాలి" అనీ, నాన్నకి "కన్ను" అనీ మనసుకి నచ్చిన కారణం ఎంచుకునే వీలు దొరికింది. కృత్రిమ నక్షత్రం చేసే మేలు ఏంటంటే, ఆ వీలుని తీసేస్తుంది. లైవ్ సర్వర్‌లో లోడంతా ఉండగా బగ్ వెతికేవాణ్ణి మనం పిచ్చోడంటాం కదా. ఇదీ అంతే.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. 1858లో ఫ్రాన్సులో లియోన్ ఫూకో, దీపం ముందు చిన్న రంధ్రం పెట్టి, ఆ చుక్కని అద్దం మీదకి పంపి, తిరిగొచ్చిన వెలుగుని కత్తి అంచుతో కోసి, అద్దం ఆకారంలో తప్పుల్ని కంటితో పట్టుకున్నాడు. ఈ రోజుకీ ఇంట్లో అద్దాలు అరగదీసుకునేవాళ్లు అదే పద్ధతి వాడతారు.

"ఇదంతా హాబీగాళ్ల గోల, పెద్దవాళ్లు ఇలాంటి తప్పులు చెయ్యరు" అనుకుంటున్నారా? హబుల్ సంగతి చెప్తా వినండి.

1990 ఏప్రిల్ 24న ఎగిరింది హబుల్. అప్పటికి దాని ఖర్చు సుమారు 150 కోట్ల డాలర్లు. 2.4 మీటర్ల అద్దం. పైకెళ్లి చూస్తే నక్షత్రాలు చుక్కల్లా కాకుండా చుట్టూ పొగలా ఉన్నాయి. అద్దం అంచు దగ్గర కావల్సినదానికన్నా 2 మైక్రాన్ల పైచిలుకు చదునుగా ఉంది. వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. అంత చిన్న తప్పు ఎలా వచ్చిందో తెలుసా? అద్దాన్ని కొలిచే పరికరంలో ఒక లెన్సు 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట బిగించారు. ఆ దూరం కొలవడానికి వాడిన కడ్డీ కొనకి ఒక మూత ఉంది, దాని మీద నల్ల పెయింటు కొంచెం ఊడింది. లేజర్ కడ్డీ కొన నుంచి కాకుండా ఆ మూత మీంచి తిరిగొచ్చింది. లెన్సు ఆ "సరైన" చోటికి అమరకపోతే, ఎందుకు అమరట్లేదని ఆలోచించకుండా వాషర్లు వేసి దింపారు!

ఈ ముక్క నాన్నకి చెప్తే ఆయన తిన్న ముద్ద మింగకుండా ఆగిపోయారు. "అమరకపోతే ఎందుకమరట్లేదో చూడాలి గానీ, వాషరు వేస్తారా?" అని. మనం రోజూ వేసే వాషర్లు గుర్తొచ్చి నేను తలదించుకుని తిన్నా.

ఇంకా దారుణం ఏంటంటే, ఆ తప్పు ముందే బయటపడింది. ఆ పరికరాన్నే పరీక్షించడానికి చేసిన ఇంకో సాధనం, వేరేగా వాడిన రెండో కొలత పరికరం, రెండూ తేడా ఉందని చూపించాయి. "మన పెద్ద పరికరం అంత కచ్చితమైనవి కావు అవి" అని ఆ రెండింటినీ పక్కన పెట్టేశారు. అద్దాలన్నీ బిగించాక మొత్తం టెలిస్కోపుకి కలిపి ఒక్క పరీక్ష కూడా చెయ్యలేదు, ఖర్చని. లూ అలెన్ అధ్యక్షతన వేసిన కమిటీ 1990 నవంబరులో ఇదంతా బయటపెట్టింది. తర్వాత 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి, ఐదుసార్లు బయట నడిచి, సరిదిద్దే చిన్న అద్దాలున్న పరికరమూ, కొత్త కెమెరా పెట్టొచ్చాకే బొమ్మలు బాగుపడ్డాయి.

అంటే అద్దం అరగదీసినవాళ్లకి చేతకాక కాదు. తప్పు గేజికి తగ్గట్టు అద్భుతంగా అరగదీశారు. నాన్న చెప్పిన మాటే కదా ఇది!

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. కృత్రిమ నక్షత్రం కూడా ఒక గేజే. దాని హద్దు దానికుంది. న్యూటోనియన్‌లో అద్దం అనంత దూరంలోని నక్షత్రం కోసం చేసిన పారాబోలా. దగ్గర చుక్కకి అది సరిగ్గా సరిపోదు. నా టెలిస్కోపుకి 30 మీటర్ల దగ్గర లెక్కేస్తే, పరీక్షే తన వంతుగా కాంతి తరంగంలో దాదాపు ఎనిమిదో వంతు తప్పు కలుపుతుంది. మంచి అద్దానికి ఒప్పుకునే హద్దే నాలుగో వంతు. కాబట్టి ఈ దూరంలో అలైన్‌మెంట్ చూడొచ్చు గానీ "నా అద్దం అరుగుదలే తప్పు" అని అమ్మినవాడి కాలరు పట్టుకోకూడదు. ఫోకల్ లెంగ్త్‌కి కనీసం ఇరవై రెట్లు దూరం ఉండాలి, అద్దం మీద తీర్పు చెప్పాలంటే ఇంకా చాలా దూరం పెట్టాలి. అద్దాన్ని జరిపి ఫోకస్ చేసే ష్మిట్ కాసిగ్రేన్ రకాల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. చివరి మాట ఎప్పుడూ ఆకాశానిదే. టెస్టు హద్దు తెలుసుకుని వాడటం వేరు, హద్దుంది కాబట్టి టెస్టే వద్దనడం వేరు.

ఇప్పుడు మన దుకాణం సంగతి.

మా టీము ఓ ఆస్పత్రికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసింది. అక్కడ కౌంటర్లో కూర్చునే ఒకావిడ, సాయంత్రం లెక్క తేడా వస్తోందని టికెట్ వేసింది. మేం "రీప్రొడ్యూస్ అవ్వట్లేదు" అని మూసేశాం. మళ్లీ వేసింది. "యూజర్ ఎంట్రీ పొరపాటు" అని మళ్లీ మూసేశాం. మూడోసారి కాగితం మీద చేత్తో కూడి, ఫోటో తీసి పంపింది. అప్పుడు తెరిచి చూస్తే, ప్రతి లైనూ విడిగా రౌండ్ చేసి కూడుతున్నాం, బిల్లు మీద మాత్రం మొత్తాన్ని కూడి రౌండ్ చేస్తున్నాం. మరి మా టెస్టులన్నీ పచ్చగా ఎలా ఉన్నాయి? ఎందుకంటే టెస్టుల్లో "రావాల్సిన జవాబు" కాలమ్‌ని మేం మా కోడ్ నుంచే తీసి పెట్టుకున్నాం. తప్పు గేజి, దానికి తగ్గట్టు అద్భుతంగా అరగదీసిన అద్దం. ఆ మూడు నెలలూ రోజూ తగ్గిన చిల్లర ఆవిడ సొంత డబ్బులోంచి కట్టిందని తర్వాత తెలిసింది. టికెట్ మూసినవాళ్లలో నేనూ ఉన్నా.

ఆవిడ చేత్తో కూడిన కాగితమే మా కృత్రిమ నక్షత్రం. మా కోడ్‌కి సంబంధం లేనిది, లోపలికేం వెళ్లిందో బయటికేం రావాలో ముందే తెలిసినది, మొదటి నుంచి చివరిదాకా వెళ్లేది. టెస్టు అంటే ఈ మూడూ ఉండాలి. లేనిదంతా పెళ్లి పందిట్లో అరుంధతే. డెమోలో మేనేజరు వేలు చూపిస్తాడు, క్లయింటు "కనబడిందండీ" అంటాడు, అందరం భోజనాలకి లేస్తాం.

"డెడ్‌లైన్లుంటాయి బాబూ, నీకేం, చెప్తావ్" అంటారు, తెలుసు. హబుల్ వాళ్లకీ ఉన్నాయి డెడ్‌లైన్లూ, బడ్జెట్లూ. దాన్నుంచి నేర్చుకున్నారు కూడా. జేమ్స్ వెబ్ 6.5 మీటర్ల అద్దం, 18 ముక్కలు. దాన్ని పంపేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం, అక్కడికి ఏ వ్యోమగామీ వెళ్లి బాగుచెయ్యలేడు. అందుకే 2017లో హ్యూస్టన్‌లో పెద్ద చాంబర్లో పెట్టి, గాలి తీసేసి, గడ్డకట్టే చలిలో, దాదాపు వంద రోజులు పరీక్షించారు. ఫైబర్ కొనల వెలుగుని నక్షత్రాల్లా వాడి, అద్దాల మీంచి పరికరాల దాకా కలిపి చూశారు. ఆ పరీక్ష మధ్యలో హార్వే తుఫాను వచ్చి ఊరు మునిగింది. అయినా ఆపలేదు. 2021 డిసెంబరు 25న ఎగిరింది. బొమ్మలు ఎలా వచ్చాయో మీకు తెలుసు.

కాబట్టి నేను అడిగేవి మూడే. టెలిస్కోపు అమ్మేవాడు కస్టమర్ ముందు ఒక చుక్కని గుండ్రంగా చూపించి అమ్మాలి. మన ఊళ్లలో స్కూలు పిల్లలకి రాత్రిపూట ఆకాశం చూపించే సంఘాలు, పిల్లల్ని వరుసలో నిలబెట్టే ముందు ఆ పొద్దున్నే ఓ ఉక్కు గుండుతో టెలిస్కోపుని చూసుకోవాలి. ఒక పిల్లకి "నాకు కనబడలేదు" అని చెప్పే ధైర్యం రావడమే కష్టం. ఆ పిల్లని "సరిగ్గా చూడు" అని గదమాయించే ముందు మన స్క్రూలు మనం చూసుకోవడం కనీస మర్యాద. మూడోది మనకే: చూసేవాడి కన్ను తప్పని అనే ముందు తల ఒకసారి పక్కకి వంచి చూడాలి. ఐదు సెకన్లు.

నాన్నకి సారీ చెప్పా. "డాక్టరు ఫీజు ఇచ్చెయ్" అన్నారు. ఇచ్చేశా. ఆ సైకిలు గుండు మాత్రం నేనే తెచ్చుకున్నా. ఆఫీసులో మానిటర్ కింద ఉంటుంది. ఎవరైనా "యూజర్ ఎర్రర్" అన్నప్పుడు చేతిలోకి తీసుకుంటా.

తా.క.: మా పెళ్లయిన మూడు నెలలకి, వేసవి రాత్రి, మా ఆవిడకి సప్తర్షి మండలంలో అరుంధతిని నిజంగానే చూపించా. ఆవిడ కాసేపు చూసి "ఏదీ, ఇంకా కనబడలేదు" అంది. ఆ మాట వినడానికి ఎంత బాగుందో! ఇంకో రెండు నిమిషాలు ఆగితే కనబడింది కూడా :)